అందరూ నన్ను భూపాలపల్లామె అనేవాళ్లు

మా వాడలో ఆడవాళ్లకు పేర్లుండవు. ఉంటాయి గానీ ఎవరూ వాడరు. కాపురానికి వచ్చిన రోజే పుట్టినూరు పేరైపోతుంది. మా ఎదురింటి ఆమె కొడకండ్లామె. మూలమీద బట్టలు కుట్టే ఆమె మానుకోటామె. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసుకుంటారు గానీ, నోటితో మానుకోటనే అంటాం. మా అత్తమ్మ జనగామకు వచ్చి జుట్టంతా తెల్లబడింది, మనవలు పెళ్లీడుకొచ్చారు, అయినా మరిపెడామే. భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసిన మనిషి కూతుర్ని కాబట్టి నేను భూపాలపల్లామెను.

పొద్దున నల్లా రాగానే మా గడపలోకి ఎదురింటి కేక వచ్చిపడేది. "ఓ భూపాలపల్లామే! నల్లా వచ్చింది, ఇంక పండుకున్నవా?" నేను ప్రైవేటు బడికి పోయే టీచర్ని, వాడలో సగం మంది పిల్లలకు ఎక్కాలు నేర్పినదాన్ని. అయినా ఆ కేకలో నాకు గౌరవం ఇసుమంతైనా ఉండేది కాదు. అది వినకపోతే మాత్రం తెల్లవారినట్టుండేది కాదు.

మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. మా వార్డు ఆడవాళ్లకు రిజర్వయింది. అప్పటిదాకా తెల్లచొక్కాలు ఇస్త్రీ చేయించుకుని ఎదురుచూస్తున్న మగవాళ్లందరికీ ఒక్కసారిగా భార్యలు గుర్తొచ్చారు. మా ఆయనా అంతే. ముందురోజు రాత్రి వరకు ఆయన స్నేహితులకు చాయ్ పెట్టిచ్చిన మనిషిని, మర్నాడు అభ్యర్థినయ్యాను. నన్ను అడిగారా అంటే, అడిగారు. ఫొటోకు ఏ చీర కట్టుకుంటావని అడిగారు.

అయినా నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. పదవి మీద కాదు. ఇన్నేళ్లు ఇక్కడ బతికాను, పిల్లల్ని కన్నాను, ఈ నల్లా నీళ్లే తాగాను. ఈ ఊరు నన్ను తన మనిషి అనుకుంటోందా లేదా, ఒక్కసారి తేల్చుకోవాలనిపించింది.

తంటా ఎక్కడొచ్చిందంటే, మా పార్టీలోనే ఇంకొక భార్యకూ ఫొటో తీయించారు. కొడకండ్లామెకు. ఆమె భర్తా మా ఆయనా ఒకే జెండా మోసినవాళ్లు. ఇద్దరిలో ఒకరికే పార్టీ బీ-ఫారం వస్తుంది, అది వచ్చినవాళ్లకే గుర్తు. ఇక చూడాలి ఆ వారం మా గల్లీ. అవతలి పార్టీవాళ్ల ఊసే లేదు. ఒకే పార్టీవాళ్లు ఎదురెదురు ఇళ్లలో కూర్చుని ఒకరి మీద ఒకరు బురద చల్లుకుంటున్నారు.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మా ఆయన ఫోన్ పట్టుకుని గదిలో తిరుగుతున్నారు. వార్డు గ్రూపులన్నింట్లో ఒక వీడియో వచ్చింది. అందులో నా ఫొటో. బడి వార్షికోత్సవంలో ఎవరో పిల్లవాణ్ని గద్దిస్తూ నోరు తెరిచి ఉన్నప్పటిది, ఎక్కడ సంపాదించారో! వెనక చావింటి సంగీతం. బొగ్గు లారీ ఒకటి అటునుంచి ఇటు పోతుంది. ఒక బొంగురు గొంతు అంటుంది: "మన వాడకు మన మనిషే కావాలి. ఎక్కడో భూపాలపల్లి నుంచి వచ్చినామెకు మన కష్టాలేం తెలుసు? స్థానికులకే పట్టం కడదాం." చివర పేరు వినిపించగానే కొడకండ్లామె నవ్వుతూ నమస్కారం పెడుతుంది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ తెలివిగలవాళ్లు కూర్చుని, చాయ్‌లు తాగి, సంగీతం ఎంచి, లారీ బొమ్మ వెతికి పెట్టారే, అందులో ఒక్కడికైనా కొడకండ్ల జనగామ వాడ కాదని తట్టలేదా? మగవాళ్లకు తట్టదు. వాళ్ల లెక్కలో భార్య ఊరంటే భర్త ఊరే, ఎదుటివాడి భార్య అయితే మాత్రం ఆమె పుట్టిల్లు గుర్తుకొస్తుంది.

అంతకన్నా మండింది మా ఇంట్లో. మా ఆయన, ఆయన స్నేహితులు ముందుగదిలో చేరి అప్పుడే ఎదురు వీడియోకు మాటలు రాస్తున్నారు.

"ఆమెది కొడకండ్ల కాదా? మనం గూడ దించుదాం. జోరుగుండాలె," అంటున్నారు మా ఆయన.

"వద్దు," అన్నాను.

"నీకు రాజకీయం ఎర్కలేదు, నువ్వూకో. ఊకుంటే మనం తప్పు చేసినట్టే అయితది."

"ఆమెను బయటిదంటే నన్ను నేను అనుకున్నట్టే. పేరు నాది, ఫొటో నాది. నా తరఫున ఆ మాట పోతే నేను పోటీలో ఉండను."

"బీ-ఫారం పోతది!" అని అరిచారు.

అప్పటిదాకా మూలన చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తమ్మ చేట పక్కన పెట్టింది. "నీ అవ్వది ఏ ఊరు కొడుకా?" అంది. "మరిపెడ గాదా? నన్ను గూడ ఎయ్యిండ్రి ఆ వీడియోల. జర మంచి ఫొటో చూసి ఎయ్యిండ్రి."

ఎదురు వీడియో ఆగిపోయింది. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఇల్లు హాయిగా ఉంది, అది వేరే సంగతి.

వీడియో వచ్చిన మర్నాడు పొద్దున నల్లా వచ్చింది, కేక రాలేదు. కొడకండ్లామె తలవంచుకుని నీళ్లు పట్టుకుంటోంది. నేనూ తలవంచుకునే పట్టుకున్నాను. ఆమె చూస్తే పలకరిద్దామని నేను, నేను చూస్తే పలకరిద్దామని ఆమె. రెండు బిందెలూ నిండి పొర్లాయి.

ఇక వాడలో జరిగింది ఆ వీడియో చేసినవాళ్లు కలలో కూడా అనుకోనిది. మా వార్డులో ఓటున్న పెళ్లయిన ఆడవాళ్లంతా ఎక్కడినుంచో వచ్చినవాళ్లే. ఇక్కడ పుట్టిన ఆడపిల్లలు ఇంకెక్కడో కోడళ్లుగా ఉన్నారు. ఆ బొంగురు గొంతు నన్ను ఒక్కదాన్నే అన్నాననుకుంది, విన్న ప్రతి ఇల్లాలికీ తగిలింది. మానుకోటామె కుట్టుమిషన్ ఆపి, పదిమందిని వెంటబెట్టుకుని పార్టీ పెద్దాయన ఇంటికి పోయింది.

"గిట్లయితే మేమందరం బయటోళ్లమేనా సారూ? మీకు ఓట్లు మాత్రం ఈడ గావాల్నా?" అని అడిగిందట. ఆయన లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదట.

అప్పుడే బీ-ఫారం ఎవరికివ్వాలని ఫోన్లలో పార్టీ సర్వే మొదలైంది. ఫలానామెకు ఇస్తే ఒకటి నొక్కండి, ఫలానామెకు ఇస్తే రెండు నొక్కండి అని రికార్డు చేసిన గొంతు. మా అత్తమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆ గొంతుతో గొడవకు దిగింది. "ఒకటి గాదు, రెండు గాదు. ముందుగాల గా వీడియో చేసినోణ్ని నా ముంగటికి తీస్కరా." అది మళ్లీ ఒకటి నొక్కమంది. "చెప్తుంటే ఇనవేందిరా!" అని ఫోన్ పెట్టేసింది. ఆమె ఓటు ఎవరి లెక్కలో పడిందో తెలియదు గానీ, బీ-ఫారం నాకే వచ్చింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అసలు పోరు మొదలైన మొదటి రోజే అవతలి పార్టీ ఆటో మా గల్లీలోకి వచ్చింది. మైకులో అదే బొంగురు గొంతు! "ఎక్కడో భూపాలపల్లి నుంచి వచ్చినామెకు..." కొడకండ్లామె పేరు కత్తిరించి, వాళ్ల అభ్యర్థి పేరు అతికించారు. ఆ మహాతల్లిది కూడా ఇంకో ఊరే. వాళ్లకూ తట్టలేదు. ఏం చెప్పను? చెప్పులేసుకుని ఆటో వెనక పరుగెత్తి ఆ మైకు పీకి కాలవలో పారేయాలనిపించింది.

నాకన్నా ముందే ఎదురింటి తలుపు తెరుచుకుంది. కొడకండ్లామె కొంగు బిగించి ఆటోకు అడ్డం నిలబడింది.

"ఆపుర! ఆ మాట మాది. మా ఇంట్ల తయారైంది. మీరెట్ల ఏస్తర్రా?"

ఆటోవాడు బిత్తరపోయాడు. నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ఆమె ఇటు తిరిగింది. ఇన్ని రోజుల తర్వాత నా ముఖం చూసింది.

"నన్ను అడిగి చేసిండ్రనుకున్నవా? అడిగితే తంతునని ఎర్కనే వాళ్లకు," అంది. "నా మీద మీవోళ్లు ఏస్తమంటే వద్దన్నవట. మీ అత్తమ్మ చెప్పింది."

"మరి ఇన్ని రోజులు ఒక్క మాట మాట్లాడలేదేం?"

"ఏ మొఖం పెట్టుకొని మాట్లాడాలె?" అంది. ఇద్దరం గల్లీ మధ్యలో నిలబడే ఏడ్చాం. ఆ రోజు నుంచి ఇంటింటికీ నాతో తిరిగింది. ఆమె భర్త మాత్రం మంచం దిగలేదు, అలిగి.

గెలిచాను. దాంతో మా ఇంట్లో రోజూ చర్చ. ఆ వీడియో వల్ల నాకు మేలు జరిగిందా, కీడు జరిగిందా? మా ఆయన అంటారు, ఆ వీడియో రాకుంటే ఆడవాళ్లు అంత పట్టుదలగా కదిలేవాళ్లు కాదని. ఆయన స్నేహితుడంటాడు, అది లేకుంటే ఇంకా ఎక్కువ ఓట్లు పడేవని. కొడకండ్లామె భర్త అందరికన్నా మించినవాడు. "నా వీడియోతోనే గెలిచింది," అని చాయ్ హోటల్లో చెప్పుకుంటున్నాడు. వచ్చేసారి ఎవరిమీద ఎలాంటిది దించాలో ఇప్పటినుంచే లెక్కలు వేస్తున్నారు. నేను చాయ్ పెట్టడం మానేశాను.

వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. గెలిచిన తర్వాత నన్నెవరూ భూపాలపల్లామె అనడం లేదు. మానుకోటామె మేడం అంటోంది. ఒకరోజు ఆమె కొడుకు "అమ్మా, భూపాలపల్లి పెద్దమ్మ వచ్చింది," అని కేకేస్తే వాడి నెత్తిన మొట్టింది. జాకెట్టు కొలతలు ఇస్తూ నేనే అడిగాను, మునుపటిలాగే పిలవరాదా అని.

"వద్దు మేడం. ఆ మాట ఇప్పుడు తిట్టు లెక్క ఇనిపిస్తుంది. నీకు తాకుతదేమో అని అందరం అనుకున్నం, అనొద్దని," అంది దారం కొరుకుతూ.

మంచి మనసుతోనే అన్నారు. ఆ మంచితనాన్ని ఏం చేసుకోను? ఊరు నన్ను తన మనిషి అనుకుంటోందా అని చూద్దామని బయల్దేరాను. ఓట్లేసి అనుకుంటున్నామని చెప్పారు. చెప్పి, ఇన్నేళ్లు నన్ను తమ మనిషిగా పిలిచిన పిలుపు తీసేశారు. ఇంటికొచ్చి అత్తమ్మ ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరింది. "నన్నైతే ఇంక మరిపెడామె అనే అంటున్నరు బిడ్డా," అంది, తప్పు చేసినట్టుగా.

మొన్న పొద్దున నల్లా రాలేదు. నేను వంటింట్లో ఉన్నాను. ఎదురింటి నుంచి గల్లీ అంతా అదిరేలా కేక వచ్చింది.

"ఓ భూపాలపల్లామే! నల్లా వస్తలేదు. కౌన్సిలరువైతివి, ఇంక పండుకున్నవా? జర బయటికొచ్చి చూడు!"

స్టౌ ఆపడం కూడా మరిచిపోయి బయటికి పరుగెత్తాను. అరుగుల మీదున్న ఆడవాళ్లంతా ఆమె వైపు కోపంగా చూస్తున్నారు. ఆమె ఖాళీ బిందె నడుముకు పెట్టుకుని, ఎవర్నీ లెక్కచేయకుండా నన్నే చూస్తోంది.

"వస్తున్ననే కొడకండ్లామే, గొంతు చించుకోకు," అన్నాను. నల్లా మాత్రం సాయంత్రానికి గానీ రాలేదు, అప్పటిదాకా ఆమె నన్ను తిడుతూనే ఉంది.