వంక దాటొచ్చిన బస్సు

మొన్న ఆదివారం మా చెల్లెలి కొడుకూ కోడలూ వచ్చి, అనంతపురం దాటి, హైవే కూడా దాటినాక కొత్తగా వేసిన లేఅవుట్లో ఇల్లు కొనుక్కుందామా వద్దా అని నన్ను అడిగారు. గాలీ వెలుతురూ ఉంటాయని ఆ అమ్మాయి, బడికీ ఆసుపత్రికీ దూరమని వాడు. ఊరి బయట కాపురంలోని మంచిచెడ్డలు పెద్దమ్మకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తాయని వచ్చారు పాపం. నేను జవాబు చెప్పబోతే మంచీ రాలేదు, చెడ్డా రాలేదు, పోయిన మా అత్త మాత్రం కళ్ళముందుకు వచ్చి నిలబడింది.

నేనప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుని. మా ఆయన బడిపంతులు. పాతూరులో ఒక్క గది అద్దెకొంపలో అత్తా, మేమూ, చంటిపిల్లా ఒకరి కాళ్ళు ఒకరికి తగులుతూ కొన్నేళ్ళు గడిపి, శింగనమల దోవలో ఊరు అయిపోయి కంపచెట్లు మొదలయ్యే చోట చిన్న ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాం. చుట్టాలు మమ్మల్ని అడవికి పోయినవాళ్ళ కింద జమకట్టి రావడమే మానేశారు. కానీ ఆ ఇంట్లో పొద్దున తలుపు తీస్తే ఎదురుగా కొండ, ఎండాకాలం వాకిట్లో మంచాలు వేసుకుంటే నెత్తిన ఇన్ని నక్షత్రాలు, పెరట్లో మా అత్త వేసిన అనపకాయల పందిరి! పుట్టింది మొదలు సేద్యం చేసిన మనిషికి పాతూరు గదిలో ఆగిపోయిన ఊపిరి అక్కడ మళ్ళీ ఆడింది. ఇక కష్టాలంటారా, తేళ్ళున్నాయి, నీళ్ళ ట్యాంకరు కోసం పడిగాపులున్నాయి, ఆటోవాళ్ళు మా పేట పేరు వింటేనే మొహం తిప్పుకునేవాళ్ళు. అన్నిటికీ మించి బస్సు రాదు. పెద్దరోడ్డు మీద దింపేస్తే అక్కడినుంచి మైలు నడక, ఆ నడక మధ్యలో ఒక వంక.

మన జిల్లాలో వంక అంటే నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, పేరుకు వాగే గానీ ఏడాదంతా ఇసుకే. అయితే ఒక సాయంత్రం, జనమంతా మొక్కుకుంటున్న వాన కుండపోతగా కురిసి, నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వంక ఎర్రగా, నడుంలోతున పారుతోంది. అవతలి గట్టున మా అత్త, చంకలో జ్వరంతో కాలిపోతున్న నా కూతురు. అది నన్ను చూసి చేతులు చాపి ఏడుస్తుంటే ఇవతల నేను నీళ్ళలో కాలు పెట్టడం, అత్త అక్కడినుంచి వద్దు వద్దని చెయ్యి ఊపడం. చివరికి వెనక్కి తిరిగి తోటి ఉద్యోగిని ఇంట్లో తల దాచుకున్నాను. బిడ్డకు జ్వరం తగ్గింది కానీ మా ఆయన మనసు విరిగిపోయి, మళ్ళీ పాతూరులోనే గది చూసి వచ్చారు.

ఇల్లు మారేలోగా ఒక ప్రయత్నం చేద్దామని పేటలోని ఆడవాళ్ళం పదిమందిమి కలిసి బస్సు డిపోకు వెళ్ళాం. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి, వంకలో చక్రం దిగబడితే తన ఉద్యోగం పోతుందనీ, దోవ గట్టిపడిన మరుసటి రోజే బస్సు పంపిస్తాననీ చెప్పాడు. అది కుదరదని చెప్పే పద్ధతేనని మేమంతా ఉసూరుమంటూ వచ్చేశాం. మా అత్త మాత్రం ఆ మాటను మాటగానే పట్టుకుంది. ఆ పూట అన్నాలు తింటుంటే కొడుకుతో అన్నది, "కరువు పనుల్లో ఊరూరికీ దోవలేసినా నాయనా. యా దోవన్నా నేను పోయేదానికి కాకపాయ. ఈ ఒక్కటీ మనకు ఏసుకుందాం."

మా ఆయన తినడం ఆపి తల్లిని చూశారు. పాతూరు గది మాట ఇక ఎత్తలేదు.

ఆదివారాలు, సెలవులు, నా రాత్రి డ్యూటీల మరుసటి పగళ్ళు, అన్నీ ఆ వంకలోనే గడిచాయి. రాళ్ళకు మన సీమలో కొదవా? గుట్ట కింద పడి ఉన్న బండలు, పేటలో ట్రాక్టరున్న ఒకాయన తోలిపెడితే, మేము పరిచి, సందుల్లో చిన్నరాళ్ళు కొట్టి, పైన గరుసు మట్టి పోసి దిమ్మిస కొట్టి గట్టిపరిచాం. మొదట్లో గట్టున నిలబడి నవ్విన మగవాళ్ళు తమ పెళ్ళాల నెత్తిన గంపలు చూసి సిగ్గుపడో ఏమో, ఒక్కొక్కరే లుంగీలు ఎగ్గట్టి దిగారు. నా అరచేతులు బొబ్బలెక్కి ఎక్స్ఛేంజీలో ప్లగ్గులు పట్టుకోలేకపోయేదాన్ని. అయినా అంత ఆకలి, అంత నవ్వు, అంత నిద్ర మళ్ళీ నా జన్మలో ఎరగను.

దోవ పూర్తయిందని డిపోలో చెప్పి వస్తే, ఆ అధికారి మాట మీద నిలబడ్డాడు. బస్సు వచ్చింది, వచ్చి వంక ముందు ఆగిపోయింది. డ్రైవరు దిగి రాళ్ళను బూటుకాలితో తన్ని చూసి, అనుమానంగా తల ఆడించాడు. అప్పుడు మా అత్త చీర చెంగు దోపుకుని నడివంకలో, సరిగ్గా చక్రం నడిచే జాడలో నిలబడి అంది:

"ఏమప్పా, నేను నిలబడుకోనుండా గదా. నీ బస్సు నిలబడదా?"

"పక్కకు రామ్మా, వస్తాండా," అన్నాడు డ్రైవరు నవ్వి.

బస్సు ఊగింది, మూలిగింది, అవతలికి ఎక్కింది. మేము పెట్టిన కేక కొండ దాకా పోయి ఉంటుంది. టెంకాయ కొట్టి, బస్సు మొహానికి పసుపూ కుంకుమా పూశాక, మా అత్త ముందు సీట్లో కూర్చుని ఊళ్ళోని టవర్‌క్లాక్ దాకా పోయి, అక్కడ పనేమీ లేక దిగకుండానే అదే బస్సులో రాణిలా తిరిగి వచ్చింది. ఆ ఏడే మళ్ళీ వాన వచ్చి వంక పారింది. నీళ్ళు రాళ్ళ మీదుగా జారిపోతుంటే బస్సు నిండా జనంతో మెల్లగా దాటింది. ఆ బస్సులో నేనున్నాను, ఇంటికి వెళ్తూ.

ఇప్పుడు మా పేట ఊరి నడుమకు వచ్చేసింది. వంక మీద కాంక్రీటు వంతెన కట్టారు. దాని కింద వంక ఉన్నదని తెలియకుండానే జనం దాటిపోతున్నారు. కొండకు అడ్డంగా అపార్టుమెంటు లేచింది. కావలసినవన్నీ గుమ్మంలోకే వస్తున్నాయి, అది సుఖమే, కాదనను. కాకపోతే ఆ రోజుల్లో వాన పడితే, మా రాళ్ళు నిలిచాయో లేదో చూడాలని పేటంతా గోనెపట్టాలు కప్పుకుని వంక గట్టుకు పరిగెత్తేది. ఇప్పుడు ఎన్నాళ్ళకో ఒక వాన పడుతుంది. పడగానే ఇంటింటా కిటికీలు మూసుకుంటాయి, మాదీ మూసుకుంటుంది.