గుర్రబ్బండి పలక మీద పేరు

కౌలాలంపూర్‌లో మా డ్రాయింగ్ ఆఫీసు కింద ఒక అచ్చాఫీసు ఉంది. సిరా, కిరసనాయిలు కలిసిన వాసన మెట్లెక్కి వచ్చినప్పుడల్లా నాకు సుంగై పెటానిలోని సింహాచలం మామ గుర్తొస్తాడు. టెక్నికల్ స్కూలు నుంచి తిన్నగా ఆయన ప్రెస్సులో చేరాను. యంత్రం నా పని, చెక్క దిమ్మల మీద బొమ్మలు చెక్కడం ఆయన పని. ఆయన తండ్రి ఒకప్పుడు బాగన్ దాతుక్ కొబ్బరితోటలో బండిగుర్రాన్ని చూసుకునేవాడట. ఆ గుర్రాన్నే మామ ఒక ఏడాది క్యాలెండరుకు చెక్కాడు: బురదలో దిగబడ్డ కాయల బండి, మెడ వంచి లాగుతున్న గుర్రం, చక్రానికి భుజం ఆనించిన తండ్రి. నేను స్కేలు పెట్టి కొలిచి, ముందుకాళ్లు పొట్టిగా ఉన్నాయన్నాను.

"పొట్టి కాదు బావూ, బురదలో ఉన్నాయి. నీ స్కేలు బురదలో దిగదేటి?" అని నవ్వాడు.

అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, కమ్యూనిస్టుల కోసం ఇంగ్లీషు సర్కారు వేటాడుతున్న కాలం. అచ్చువేసినవాడి పేరు లేని కాగితం దొరికితే పోలీసులు వచ్చేవారు. అందుకే మా క్యాలెండరు అడుగున, తేదీల కింద, ప్రెస్సు పేరు ఉండేది. మరుసటి జనవరిలో ఒక ఇన్‌స్పెక్టరు ఆ గుర్రం బొమ్మ పట్టుకొచ్చాడు. ఒక తోటలో కూలీల ఇంటి గోడకు అంటించి ఉందట. దాని మీద తేదీలు లేవు, పేరూ లేదు. "కూలీలను రెచ్చగొట్టే బొమ్మ. ఎవరు వేశారు?" అని మలాయ్‌లో అడిగాడు. తెలియదంటే పోతుందని నేను మామ వైపు చూశాను.

"నాదే దొరా. ఆ మనిషి మా అయ్య," అన్నాడు మామ.

జీపెక్కమన్నాడు ఇన్‌స్పెక్టరు. అలా వెళ్లినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో ఎవరూ చెప్పలేని కాలం. మామ బొమ్మ అంచును వేలితో తడిమి చూసి, పక్కనున్న టీకొట్టామెను కేకేశాడు: "ఒలే పైడమ్మా, మీ గోడ మీది పాత కేలండరు తే!"

"ఏటయినాది మావా? నేనింకా బొమ్మ కత్తిరించనేదు," అంటూ తెచ్చిందామె. ఏడాది అయిపోగానే తేదీలు కత్తిరించేసి బొమ్మను గోడకు అంటించుకోవడం మావాళ్ల అలవాటు. ఆ కూలీల గోడ మీది బొమ్మకు తేదీలతోపాటు ప్రెస్సు పేరూ కత్తెరకు పోయింది! ఇన్‌స్పెక్టరు పైడమ్మ క్యాలెండరు అడుగున ప్రెస్సు పేరు చదివి, ఒక బొమ్మ మీద మరొకటి పెట్టి వెలుతురుకు ఎత్తాడు. గుర్రం మీద గుర్రం సరిగ్గా కూర్చుంది. "మా ఇంట్లోనూ ఇంతే," అని నవ్వి కాగితం ఇచ్చేశాడు.

జీపు మలుపు తిరిగాక నేను కాగితాల కట్ట మీద కూలబడ్డాను. పైడమ్మ అడక్కుండానే టీ తెచ్చింది. "తెలియదంటే సరిపోయేది కదా మామా?" అన్నాను.

"మా అయ్యని తెల్దంతానా బావూ?"

మర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది క్యాలెండరుకు మళ్లీ అదే దిమ్మ తీశాడు. బండి వెనక పలక ఉన్నచోట తొలిచి, కొత్త చెక్కముక్క బిగించి, దాని మీద ప్రెస్సు పేరూ తన పేరూ అచ్చులో సరిగ్గా పడేలా తిరగేసి చెక్కాడు. "ఇప్పుడు కత్తిరించమను. పేరు పోవాలంటే బండే పోవాల."

నేనిప్పుడు వంతెనల డ్రాయింగులు గీస్తాను. అందరిలాగే అడుగున మూల గడిలో పేరు రాస్తాను. తర్వాత, బరువంతా మోసే దూలం పక్కన చిన్నగా మరోసారి రాస్తాను. ఎవరైనా ఆ కాగితం పట్టుకొచ్చి ఎవరిదని అడిగిన రోజున, నాదేనని చెప్పడానికి.