వేలు పడ్డ ఫొటోలు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా చుట్టాలందరికీ తెలుసు. అటువంటి నేను ఒక్క మాటను పదమూడేళ్లుగా మింగి కూర్చున్నాను. ఎట్లా కూర్చోగలిగాను? ప్రతి ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని, ఊళ్లోవాళ్లందరి కోసం ప్రార్థన చేసి, నాదొక్కటి దాటేసి ఇంటికొచ్చేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి. నాకు ఒళ్లు మండుతుంది.

మా తమ్ముడి ఫొటోలు పోలేదు. నేనే చెరిపేశాను.

తమ్ముడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో గుమాస్తా. తనూ, భార్య కరుణా, మేమూ ఎల్బీనగర్‌లో ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో కిరాయికి ఉండేవాళ్లం. కొడుకు జోయెల్ పుట్టగానే తమ్ముడు చిన్న డిజిటల్ కెమెరా కొన్నాడు. తీసిన ఫొటోలన్నీ మా కంప్యూటర్లో ఎక్కించేవాడు. పిల్లవాడికి ఎనిమిదో నెల నడుస్తుండగా తమ్ముడికి డెంగీ వచ్చింది. ఐదు రోజులు దవాఖానలో ఉన్నాడు. ఆరో రోజు లేడు.

మా ఇళ్లలో సమాధికి తీసుకుపోయే ముందు శవపెట్టె చుట్టూ నిలబడి అందరం ఫొటో దిగుతాం. రాలేకపోయిన చుట్టాలకు చూపించాలి కదా. ఆ రోజూ దిగాం. కరుణ పిల్లవాణ్ణి ఎత్తుకుని పెట్టె మీదికి వంచి పట్టుకుంది. ఆ ఫొటోను పెద్దగా కడిగించి గోడకు తగిలించాం.

ఏడాదిన్నర తిరక్కుండానే కరుణ మళ్లీ పెళ్లి చేసుకుంది. శుభలేఖ పట్టుకుని నా గుమ్మంలోకే వచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, బతుకంతా ముందుంది, చేసుకోక ఏం చేస్తుంది? ఈ మాట ఇప్పుడు అనగలుగుతున్నాను. అప్పుడు మాత్రం, తమ్ముడి సమాధికి వేసిన సున్నం కూడా వెలవలేదు, ఈమెకు పట్టుచీర కావాల్సొచ్చిందా అనుకున్నాను. పిల్లవాణ్ణి తీసుకుని కర్మన్‌ఘాట్‌లో కాపురం పెట్టింది.

ఆ రోజుల్లోనే మేము కొత్త కంప్యూటర్ కొన్నాం. బాబు ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసిపెట్టమని కరుణ మా ఆయనకు ఫోన్ చేసింది. ఆయన ఒక బడిలో క్లర్కు. కంప్యూటర్ కొద్దికొద్దిగా నేర్చుకున్న మనిషి. పాతదాంట్లోంచి కట్ చేయడం, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయడం, తెచ్చి కొత్తదాంట్లో పెట్టడం. కాపీ చేస్తే ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో తికమక అవుతుందని ఆయన పద్ధతి. శనివారం సగం అయింది. ఆదివారం పొద్దున చర్చిలో కుర్చీలు వేయాలని తొందరగా వెళ్లిపోయాడు. నేను తలనొప్పి అన్నాను. తలనొప్పి లేదు.

పాతదాంట్లో ఇంకా మిగిలి ఉన్న తమ్ముడి ఫోల్డర్ తెరిచాను. మొదట కరుణ ఉన్న ఫొటోలే తీసేద్దామనుకున్నాను. ఒక్కొక్కటీ చూస్తూ, నొక్కుతూ పోయాను. ఆమె మొహం కనబడిన ప్రతిసారీ కసిగా ఉంది. నిజం చెబుతున్నాను, హాయిగా కూడా ఉంది. తర్వాత తమ్ముడూ పిల్లవాడూ మాత్రమే ఉన్నవి వచ్చాయి. మార్కెట్లో బత్తాయిల కుప్ప ముందు కొడుకును భుజానికెత్తుకుని నవ్వుతున్నాడు. అక్కడ ఆగిపోయి ఉంటే? ఆగాను కూడా. అప్పుడు కనబడింది, ఫొటో మూలన కరుణ వేలు. ఆమెకు కెమెరా పట్టుకోవడం ఎన్నడూ సరిగ్గా రాలేదు, ప్రతిదాంట్లో వేలు అడ్డం పెట్టేది. ఇక్కడ కూడా నువ్వేనా అని పళ్లు కొరికాను. అవీ కొట్టేశాను. చివరికి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. కోపంలో చేశానని మాత్రం అనను. బిన్ ఖాళీ చేయాలని గుర్తుండేంత తెలివిలోనే ఉన్నాను.

మా ఆయన వచ్చి చూసుకుని నీరుగారిపోయాడు. "కట్ కొట్టి, పేస్ట్ కొట్టకుండనే లేచి పోయినట్టున్న" అని తనకు తనే అనేసుకున్నాడు. నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. ఎవరైనా వెతికిస్తారేమోనని మర్నాడే పాత కంప్యూటర్‌ను ఆటోలో వేయించి దిల్‌సుఖ్‌నగర్‌లో పాత సామాన్ల దుకాణానికి పంపించేశాను. కట్ చేసి వదిలేసినంత మాత్రాన ఫొటోలు పోవని కొన్నేళ్లకు మా అమ్మాయి అంది. నీ తెలివి నీ దగ్గరే పెట్టుకో అని అరిచి నోరు మూయించాను. ఆయన వరకు ఆ మాట పోనివ్వలేదు.

అప్పట్నుంచి ఆయన కట్ అనేదాన్ని ముట్టడు. ఇంట్లో ఏ ఫొటో తీసినా మూడు పెన్‌డ్రైవ్‌ల్లోకి కాపీ చేస్తాడు. కరుణ ఎదురైతే తల దించుకుంటాడు. ఆ తల చూస్తే నాకు కోపం వస్తుంది. ఆయన మీదే వస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అది నాకు సరిగ్గా అతుకుతుంది.

పోయిన నెల మళ్లీ కొత్త కంప్యూటర్ వచ్చింది. మా ఆయన ఫొటోలు ఎక్కిస్తుంటే జోయెల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. పదిహేనేళ్లవాడు, మూతి మీద నూనూగు మీసం, నవ్వితే అచ్చం మా తమ్ముడే. తండ్రి జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడింది, ఫ్లెక్సీకి ఫొటో కావాలన్నాడు.

"మామా, నాయన నన్ను ఎత్తుకున్న ఫొటో ఒక్కటన్న దొరుకుతదా? మస్తు తీసిన అంటది అమ్మ."

"నా చేతులతోనే పోగొట్టిన బిడ్డా. నన్ను మాఫ్ చెయ్యి."

"పోనీ తియ్యి మామా. పెట్టె కాడిది ఉంది గద, గదే ఏపిస్త. కాకపోతే గా ఫొటోల నాయన కండ్లు మూసుకునుండు."

నేను వంటింట్లోంచి గిన్నె విసిరికొట్టి, "ఇంక చాలు తియ్యిండ్రి, పొద్దస్తమానం గదే ముచ్చట!" అని అరిచాను. ఇద్దరూ బెదిరిపోయి నన్ను చూశారు. వాళ్లు ఏం చేశారని? కొడుకు తండ్రిని కళ్లు తెరిచి ఉండగా చూడాలనుకోవడం తప్పా? తమ్ముడి మీద ప్రేమతో చేశానని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. వాడి నవ్వును వాడి కొడుక్కి లేకుండా చేసిన ప్రేమ ఎక్కడైనా ఉంటుందా?

ఇక్కడిదాకా చెప్పిందంతా ఆ కొత్త కంప్యూటర్లోనే టైపు చేశాను. జోయెల్ పేరుతో ఒక ఫోల్డర్ ఉంది. అందులో పెట్టె దగ్గరి ఫొటో ఒక్కటే ఉంది. దాని పక్కన దీన్ని పెట్టాను. రేపు శనివారం. మా ఆయన అలవాటు ప్రకారం అన్ని ఫోల్డర్లూ తెరిచి చూసుకుని మూడు చోట్ల కాపీ చేస్తాడు. దీన్నీ చదువుతాడు. చదివి, నన్ను కాపాడాలని చెరిపేసినా చెరిపేస్తాడు. తప్పు తన మీదే ఉండనిమ్మంటాడు. ఆ మనిషి అంత పనీ చేయగలడు.

అందుకే ఇప్పుడే కరుణ వాట్సాప్‌కు కూడా పంపించాను. చాలా రోజుల తర్వాత ఆకలేస్తోంది. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి.