ఆరుగురిలో ఆరోవాణ్ణి

హైదరాబాదులో చదువుకోవడానికి బయల్దేరిన రోజున మావాళ్ళు నన్ను పరదేశం పంపుతున్నట్టే పంపారు. వాళ్ళ లెక్క తప్పేమీ కాదు. అప్పటికింకా రెండూ కలవలేదు, అది వేరే రాష్ట్రం. అక్కడి రూపాయి వేరు, దుకాణాల మీది రాతలు వేరు, పప్పులో పులుపు కూడా వేరు. విదేశం అనిపించుకోవడానికి మధ్యలో సముద్రం ఒక్కటే తక్కువ. స్టేషనులో ఏడుపులు బాగానే మొదలయ్యాయి కానీ బండి కదల్లేదు. ఏడ్చినవాళ్ళు ఎంతసేపని ఏడుస్తారు? కాసేపటికి కళ్ళు తుడుచుకుని వంకాయల ధర మాట్లాడుకున్నారు. బండి నిజంగా కదిలినప్పుడు ఎవరూ చూడలేదు.

పురానాపూల్ దర్వాజాకి దగ్గర్లో ఒక గది దొరికింది. కాలేజీలో నా బెంచీ మీద కూర్చునే కుర్రాడు పాలవాళ్ళ అబ్బాయి. పొద్దున్నే పరుగెత్తే విద్యార్థుల క్లబ్బొకటి పెట్టి, దానికి తనే కప్తాను అయ్యాడు. క్లబ్బులో అప్పటికి ఐదుగురున్నారు.

"నీదే ఊరు భాయ్?" అన్నాడు మొదటి రోజే.

"బందరు దగ్గరండీ."

"సముద్రం కాడ! సముద్రం కాడోళ్ళకు దమ్ము మస్తుంటది. రేపు పొద్దుగాల రా. ఆరుగురం అయితం."

నేను సముద్రాన్ని అప్పటికి రెండేసార్లు చూశాను. రెండోసారి జ్వరం వచ్చింది. ఆ సంగతి చెప్పి, నాకు పరుగెత్తడం రాదండీ అన్నాను.

"అండీ గిండీ ఏంది భాయ్? ఉరుకుడు నేర్సుకునేదేముంటది? నడుసుకుంట జర తొందరపడితె అదే ఉరుకుడు."

కొత్త ఊళ్ళో నన్ను రమ్మన్న మొదటి మనిషి అతనే. వెళ్ళాను.

ఆ గల్లీల్లో పరుగెత్తడానికి దమ్ము కన్నా ఓపిక ఎక్కువ కావాలని మొదటి రోజే తెలిసింది. అక్కడ మనిషి ఊరికే పరుగెత్తడు. పరుగెత్తాడంటే ఇంట్లో ఎవరికో బాగాలేదన్నమాట, లేకపోతే ఎక్కడో నిప్పంటుకుందన్నమాట. వాకిలి ఊడ్చే ముసలమ్మ చీపురు పక్కన పడేసి అడిగేది: "ఏమైంది బిడ్డా? ఎవలకన్న పాణం బాగలేదా?" చాయ్ దుకాణం పెద్దాయన గ్లాసు కడుగుతూ అంతా క్షేమమేనా అని కేకేసేవాడు: "క్యా హువా మియా? సబ్ ఖైరియత్?" మా కప్తాను ఆగేవాడు. మేమూ ఆగేవాళ్ళం. ఊరికే పరుగెత్తుతున్నామని అతనే చెప్పేవాడు.

"ఖైరియత్ చాచా. బస్, దౌడ్ రహే హైఁ."

"క్యోఁ?"

ఈ 'ఎందుకు'కి మాత్రం మాలో ఎవరి దగ్గరా ఏ భాషలోనూ జవాబు లేదు.

ఆగకుండా పోదామని ఒకసారి అన్నాను. కప్తాను ఒప్పుకోలేదు. "పెద్దోళ్ళు అడిగితె ఆగి చెప్పాలె. చెప్పకుండ పోతె పొద్దంత వాళ్ళకు ఫికరైతది." అలా మా క్లబ్బు పరుగెత్తింది కొంచెం, సంజాయిషీ చెప్పుకున్నది చాలా. నాకది బాగానే నచ్చింది. ప్రతి ముసలమ్మ దగ్గరా ఊపిరి పీల్చుకోవచ్చు.

మా ఆరుగురిలో నిజంగా పరుగెత్తేవాడు అతనొక్కడే. మిగిలినవాళ్ళం అతని వెనకాల కదిలేవాళ్ళం. పరుగెత్తేటప్పుడు అతను వేరే మనిషి. వేరే మనిషంటే, మాట్లాడని మనిషి. మామూలప్పుడు అతను నోరు మూయడు గనక ఆ తేడా అందరికీ తెలిసేది.

చిక్కల్లా వాళ్ళ నాన్నతో వచ్చింది. వాళ్ళకి కొట్టం నిండా బర్రెలు. ఆయన దృష్టిలో పొద్దున బర్రెలది, పగలు చదువుది, ఉరకడానికి రోజులో చోటు లేదు. ఒకనాడు కప్తాను దిగులుగా వచ్చి కూర్చున్నాడు.

"బాపు ఉరుకుడు బంద్ జెయ్యమంటుండు. మన క్లబ్బును కాలేజోళ్ళు ఒప్పుకుంటెనే పోనిస్తడట. ఒప్పుకుంటె అదొక క్లాసు లెక్క. క్లాసుకు బాపు అడ్డం రాడు."

ఆరుగురం డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని వరసగా చూసుకుంటూ వచ్చి నా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడు. షరతు చెప్పాడు: కాలేజీ గేటు నుంచి పురానాపూల్ వంతెన దాటి, ధూల్‌పేట మీదుగా గుడిమల్కాపూర్ తోటల దాకా పోయి, మొదటి గంట కొట్టేలోపు తిరిగి రావాలి. ఆరుగురికి ఆరుగురూ రావాలి. ఒక్కడు తగ్గినా క్లబ్బు లేదు.

ఐదుగురూ నావైపు చూశారు. నేను కూడా వెనక్కి తిరిగి చూశాను, అక్కడ ఇంకెవరైనా ఉన్నారేమోనని.

పరీక్ష రోజున వెళ్ళడం బాగానే వెళ్ళాను. ధూల్‌పేటలో గణపతులు చేసే కాలం. ముఖం, తొండం ఇంకా పెట్టని విగ్రహాలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ముఖాలు లేవు గనక అవి నన్ను చూసి నవ్వలేదు. గుడిమల్కాపూర్ నుంచి మళ్ళేసరికి మిగతావాళ్ళ వీపులు కూడా కనిపించడం మానేశాయి. పురానాపూల్ చేరేసరికి నా ముందు వంతెన లేదు, బర్రెలున్నాయి. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బర్రెలే. వాటి వెనకాల భుజాన తువ్వాలు, చేతిలో కర్ర, మా కప్తాను నాన్న.

"ఓ పిలగా, ఆగు! ఎందుకు ఉరుకుతున్నవ్?"

ఆగాను. పెద్దలడిగితే ఆగాలని నియమం ఉంది. పైగా నా కాళ్ళు ఏ చిన్న సాకు దొరుకుతుందా అని చూస్తున్నాయి.

"పరీక్షండీ. ఆరుగురం గంట కొట్టేలోపు కాలేజీ చేరాలి."

"మావోడేడి?"

"వెళ్ళిపోయాడండీ. అందరికన్నా ముందు."

"మరి నువ్వేంది?"

"ఆరోవాణ్ణండీ."

"నువ్వు చేరకుంటె?"

"మీవాడు చేరినా లెక్కలోకి రాదండీ."

చెప్పాక నాలుక కరుచుకున్నాను. ఆయనకి కావలసింది అదే. ఇక ఆయన చెయ్యాల్సిందేమీ లేదు, ఊరికే నిలబడితే చాలు, మిగతా పని బర్రెలు చూసుకుంటాయి. ఆయన కాలేజీ వైపు చూశాడు, బర్రెల వైపు చూశాడు.

"నిజంగనే అందరికన్న ముందు వోయిండా?"

"కనబడనంత ముందండీ."

ఆయన ముఖంలో ఏదో వెలిగింది. గర్వం అనుకున్నాను. అప్పుడే అంటించిన బీడీ కూడా కావచ్చు. మరుక్షణం కర్ర లేచింది. "హై! హై! తొవ్వ ఇడువుండ్రి!" బర్రెలు పక్కకి జరిగాయి. నా కోసం కాదు, కర్ర కోసం. మధ్యలోంచి దూరాను.

"ఉరుకు! ఆగకు, ఉరుకు!" అంటూ ఆయనే నా వెనకాల అందుకున్నాడు.

ఆయన ఉద్దేశం మంచిదే. బజారుకి మాత్రం వేరేగా కనిపించింది. ముందు నిక్కరులో ఒక కుర్రాడు, వెనకాల కర్రతో పాలాయన. "చోర్! పకడో!" అని ఎవరో అన్నారు. ఆ తర్వాత చాలామంది అన్నారు. సైకిలు పంచరు వేసేవాడు పంపుతో సహా బయల్దేరాడు. నా జీవితంలో నేను నిజంగా పరుగెత్తింది ఆ కొంచెం దూరమే. సముద్రం కాడోళ్ళ దమ్ము గురించి కప్తాను చెప్పినదాంట్లో కూడా కాస్త నిజం ఉండొచ్చనిపించింది.

కాలేజీ గేటు దగ్గర ఐదుగురూ నిలబడి ఉన్నారు. డ్రిల్లు మాస్టారు గడియారం పట్టుకుని ఉన్నాడు. వాళ్ళ పక్కన గంట కొట్టే చప్రాసీ, చేతిలో సుత్తి. లొల్లి విని, గంట దగ్గర ఉండాల్సినవాడు గేటు దగ్గరికొచ్చి నోరు తెరిచి చూస్తున్నాడు. నేను లోపలికొచ్చి కూలబడ్డాను. దొంగ ఎక్కడని జనం అడిగారు. దొంగ లేడు, పరుగు పందెం అని పాలాయన రొప్పుతూ చెబితే పంచరువాడికి చాలా కోపం వచ్చింది.

మాస్టారు గడియారం చూశాడు. చప్రాసీని చూశాడు.

"గంట కొట్టినవా?"

"లేదు సాబ్. ఇప్పుడు కొడుత."

"మొదటి గంట కొట్టకముందు ఆరుగురు వచ్చిండ్రు. క్లబ్బు పాస్," అన్నాడు మాస్టారు, గడియారం జేబులో వేసుకుంటూ. ఆ గడియారం ఏం చెప్పిందో మేమెవ్వరం అడగలేదు.

కప్తాను మా మధ్యలోంచి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి నీళ్ళ చెంబు అందించాడు. ఆయన మెట్టు మీద కూర్చుని సగం తాగి, సగం నెత్తి మీద పోసుకున్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని కొడుకుని అడిగాడు.

"రోజు గింతదూరం ఉరుకుతవారా?"

"ఇంకెక్కువనే, బాపు."

"ఉరుకు మరి. కని ఉత్త చేతులతోని ఎందుకు ఉరుకుడు? ఆ తొవ్వల మన పాలు తీసుకునే ఇండ్లున్నయి. పాలు పోసుకుంట ఉరుకుండ్రి."

కప్తాను గట్టిగా తల ఊపాడు. పాలాయన లేచి తువ్వాలు దులుపుకుని నావైపు తిరిగాడు.

"నువ్వు మాత్రం పాలు పట్టకు బిడ్డా. నువ్వు చేరేదాంక అవి పెరుగైతయ్."

అందరూ నవ్వారు. చప్రాసీ నవ్వుకుంటూనే వెళ్ళి గంట కొట్టాడు. మర్నాడు నాకు ఖాళీ క్యాన్లు వెనక్కి తెచ్చే పని ఇచ్చారు.