అంబత్తూరు పళ్లెం మీద నాది కాని దగ్గు

ఉదయం ఆరుముప్పావుకి నెల్లూరులో బండెక్కాను. చొక్కా జేబులో రెండు కాగితాలున్నాయి. ఒకటి టికెట్టు. రెండోది మా బావ తరఫున నేనే రాసి తెచ్చిన ఒప్పుకోలు పత్రం: "ఆ రోజు రికార్డింగులో దగ్గినది నేనే. మా బావ కాదు. ఆయన మీద వేసిన నింద తప్పు." కింద మా బావ దొరస్వామి సంతకం పెట్టడానికి ఒక గీత గీశాను. స్కేలుతోనే గీశాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన చెయ్యి.

దొరస్వామి మా చెల్లెలు సరోజ భర్త. చెన్నై పెరంబూరులో రైలుపెట్టెలు చేసే చోట లేత్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత అందరిలా ఊరుకోకుండా, అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో స్నేహితుడి షెడ్డు చేరి, మూలనపడ్డ ఒక రికార్డులు కోసే యంత్రాన్ని బాగుచేశాడు. తెలియనివారికి చెబుతున్నాను. మామూలుగా పాటను ముందు టేపులోనో కంప్యూటర్లోనో పట్టి, తప్పులు తీసేసి, ఆ తర్వాత గ్రామఫోను రికార్డుకి ఎక్కిస్తారు. దొరస్వామి పద్ధతిలో మధ్యలో ఏమీ ఉండదు. మైకులో పడ్డ శబ్దం తిన్నగా సూదికి పోతుంది. నల్లపూత పూసిన పళ్లెం తిరుగుతూ ఉంటే సూది దానిమీద అప్పటికప్పుడు గాడి కోస్తుంది. వాయించడం పూర్తయ్యేసరికి రికార్డు తయారు. అందుకే ధ్వని ఎదురుగా కూర్చుని విన్నట్టుంటుందని అతని వాదన. కోసింది చెరపడం మాత్రం కుదరదు.

రెండేళ్ల క్రితం తొండియార్‌పేట జేకబ్ మాస్టరు వయొలిన్‌ని దొరస్వామి అలా పళ్లెం మీదికి కోశాడు. చర్చిలోనూ పెళ్లిళ్లలోనూ జీవితమంతా వాయించిన మనిషి. మోహన రాగం, పదిహేను నిమిషాలు. షెడ్డులో సరోజతో కలిపి మేం ఆరుగురం. నడుమ ఎవరో దగ్గారు. నేను కాదు. నాకు గుర్తున్నంతవరకు నేను వెనక్కి తిరిగి చూశాను, అంతే. వారం తిరిగేసరికి ఆ దగ్గు నాదేనని పెరంబూరు బంధువులంతా తేల్చేశారు. ఒక సీమంతంలో పిల్లలు నన్ను 'దగ్గు మామ' అన్నారు. రెండో వరసలో పచ్చచీర ఆవిడ నవ్వింది కూడా. ఆ రోజు నుంచి చెల్లెలి గడప తొక్కలేదు.

వచ్చే నెల సరోజ కూతురి పెళ్లి. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తేవాల్సిన మేనమామను నేను. దగ్గు సంగతి తేలేదాకా బుట్ట ముట్టనని కబురు పెట్టాను. సరోజ రెండు రోజులు ఆలోచించి ఫోన్ చేసింది. "సరే అన్నా, వచ్చి నువ్వే ఇను. ఆనక నన్నేం అనబాక."

ఎదుటి సీటులో చెన్నైకి తిరిగిపోతున్న పప్పుల టోకు వ్యాపారి కూర్చున్నాడు. ఎందుకు వెళుతున్నానో సూళ్లూరుపేట దాటేలోపు చెప్పాను.

"ఒక దగ్గు కోసరం ఇంత దూరం వస్తా ఉండారా సార్?"

"నాది కాని దగ్గు," అన్నాను.

"ఆమా ఆమా. మనదైతే మాత్తర ఏసుకుంటే పోతాది. మనది కాంది పోదు సార్," అని తలూపుతూ పొడి ఇడ్లీ పొట్లం విప్పాడు. నాకు పెట్టలేదు.

పదింటికి సెంట్రల్‌లో దిగాను. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట: లోకల్ బళ్లు పెద్ద స్టేషనులోంచి కాదు, పక్క భవనంలోంచి బయల్దేరతాయి. అడిగితే చెబుతారు, కానీ చేత్తో చూపిస్తారు తప్ప నోటితో చెప్పరు. బయట పొంగలి తిన్నాను. రుచిగానే ఉంది. జీడిపప్పు ఒకటే వచ్చింది, అదీ సగం.

పది నలభైకి లోకల్ ఎక్కాను. పెరంబూరులో దొరస్వామి, సరోజ అదే పెట్టెలోకి ఎక్కారు. సరోజ నా పక్కన కూర్చుంది.

"తిన్నావా బావా?" అన్నాడు దొరస్వామి.

"సాక్షులు ఎవరెవరు?" అని అడిగాను.

"జేకబ్ మాస్టర్ ఉంటాడు. ఆయనకి మించిన సాక్షి ఎవురు?"

అంబత్తూరులో దిగి ఆటోలో షెడ్డుకి చేరేసరికి పదకొండున్నర. వెంటనే వినడానికి లేదు. పక్క షెడ్డులో రేకులు నొక్కే ప్రెస్సు దడదడమంటోంది. అది పన్నెండున్నరకి భోజనాలకి ఆగుతుంది. రికార్డు కోయడమైనా వినడమైనా ఆ ముప్పావుగంటలోనే. గంటసేపు చెక్కబల్ల మీద కూర్చున్నాను. మజ్జిగ ఇచ్చారు. ఉప్పు ఎక్కువైంది.

జేకబ్ మాస్టరు గోడవారన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో చేతులు సన్నగా వణుకుతున్నాయి. ఏడాదిగా విల్లు పట్టలేకపోతున్నాడట. ఆయన వాయించినదాంట్లో మిగిలింది ఈ పళ్లెం ఒక్కటే.

దొరస్వామి దాన్ని గుడ్డలోంచి తీసి, అంచులు పట్టుకుని చూపించాడు. "ఇది మెత్తన బావా. సూది పెట్టినప్పుడల్లా కొంచెం అరగతాది. ముందు పోయేది సన్న శబ్దాలు. రెండేళ్లలో నాలుగు తూర్లే ఏసినా."

"నేను మూడుసార్లు వినాలి. ఒకసారికి సందేహం మిగిలితే?"

అతను మాస్టరు వైపు చూశాడు. "వెయ్యి నాయనా," అన్నాడాయన. "సారుకి మనసులో ముల్లు ఉంది. నా మోహన అరిగితే అరగనీ."

పన్నెండు ముప్పై రెండుకి సూది దిగింది.

మొదట చినుకుల్లాంటి చిటపట. తర్వాత ఎండకి రేకు కప్పు టిక్కుమన్న శబ్దం. పళ్లెంలోంచే మాస్టరు ఊపిరి పీల్చిన చప్పుడు. విల్లు తీగని తాకి, మాట్లాడే ముందు ఒక గరగర. అప్పుడు వయొలిన్. నాకు రెండు బారల దూరంలో, కొంచెం ఎడమకి. ఆయనే లేచి వాయిస్తున్నాడేమోనని కళ్లు తెరిచి చూశాను. చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ధ్వనిలో తప్పు పడదామని ఎంత చెవి ఒగ్గినా దొరకలేదు. ఈ వాక్యం రాయడం నాకు కష్టంగానే ఉంది.

తొమ్మిదో నిమిషంలో దగ్గు వచ్చింది. నా వెనక, దూరంగా, తువ్వాలులోకి దగ్గిన దగ్గు. చివర చిన్న 'హుమ్'. దొరస్వామితో ఒక్కపూట భోంచేసినవాడైనా గుర్తుపడతాడు. నా చెయ్యి జేబులోని కాగితం మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడు, మైకుకి జానెడు దూరంలోంచి ఒక గొంతు షెడ్డు అదిరేట్టు పలికింది:

"ఎవర్రా ఆడ దగ్గింది? లేచి నిలబడు!"

గొంతు నాది. ముప్పై ఏళ్లు వెనక బెంచీలు అదిలించిన గొంతు.

పళ్లెం ఆగలేదు. ఇనపస్టూలు కిర్రుమంది. ఎవరో నిజంగానే లేచి నిలబడ్డారు. ఒక ఊపిరి పాటు విల్లు ఆగింది. తర్వాత వయొలిన్ మెల్లగా 'లేచి నిలబడు' అంది. అదే ఎత్తు, అదే విరుపు, మోహనలో. మళ్లీ అంది. మూడోసారి చివరి అక్షరాన్ని సాగదీసి, అక్కణ్ణుంచి రాగాన్ని పైకి తీసుకుపోయింది. వెనకనుంచి ఎవరో ఆపుకోలేక నవ్వారు. సరోజ నవ్వు. పళ్లెం మీద అదీ ఉంది.

దొరస్వామి సూది ఎత్తి పళ్లెం ఆపాడు.

"నేను లేచి నిలబడినా బావా," అన్నాడు. "నా మిషను, నా షెడ్డు. అయినా నిలబడినా. బడిలో కూడా అంత బిరాన లేవలా."

"ఈ మాట తెలిస్తే నువ్వు మళ్లీ ముఖం చూపించవని, అందరికీ నీది దగ్గని చెప్పమన్నది నేనే అన్నా," అంది సరోజ.

"దగ్గని చెప్పినా చూపించలా గదా," అన్నాడు బావ.

ఏం చెయ్యాలో తోచక కాగితం తీసి ఇచ్చాను. దొరస్వామి రెండుసార్లు చదివాడు. "ఇందులో తప్పేముంది? దగ్గింది నేనే గదా," అని స్కేలు గీత మీద సంతకం పెట్టి, తేదీ కూడా వేశాడు. "మూడు తూర్లు ఇనాలంటివే. ఇంకా టైముంది. ఏద్దునా?"

పళ్లెం వైపు చూశాను. "వద్దు. అరుగుతుంది."

జేకబ్ మాస్టరు దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్పాలనుకున్నాను. నాకు ఆ మాట అలవాటు లేదు. నేను గొంతు సవరించుకుంటుండగానే ఆయన అందుకున్నాడు.

"అప్పుడు నేను రాగంలో దారి తెలవక తిరగతా ఉండా సార్. ఎంతసేపు తిరిగినా అదే గల్లీ. నువ్వు నిలబడమంటివి. నిలబడితి."

సరోజ నన్ను గుమ్మం దాకా సాగనంపింది. "బుట్ట?" అంది.

"పిల్ల ఎంత బరువుందో ముందే చెప్పు. నా నడుం సంగతి నీకు తెలుసు," అన్నాను.

నాలుగున్నరకి సెంట్రల్‌లో బండి. కిటికీ సీటు దొరికింది, కానీ ఎండ వైపు. గుమ్మిడిపూండి దాటాక ఒప్పుకోలు పత్రం తీసి చూసుకున్నాను. నేను కోరినదంతా అక్షరం పొల్లుపోకుండా ఉంది. దాన్ని ఎవరికీ చూపించలేను. చూపిస్తే, దగ్గు నీది కాకపోతే మరి నీదేమిటని అడుగుతారు. నా కుర్చీ మైకు కింద ఎవరు వేశారన్న ప్రశ్న కూడా మిగిలే ఉంది. అది పెళ్లిలో అడుగుతాను.

ఇంట్లో నా ఫిర్యాదుల ఫైలు ఒకటుంది. వీధిదీపం, మురిక్కాలవ, పెన్షను, పక్కింటి నీళ్లమోటారు. ఏళ్ల తరబడి రాసినవి, అన్నిటికీ నకళ్లున్నాయి. అందిందని ఒక్క ముక్క ఎవరూ రాయలేదు. ఇన్నేళ్లలో నా ఫిర్యాదు ఒక్కదానికే జవాబు వచ్చింది. అదీ అక్కడికక్కడే, మోహనలో, మూడుసార్లు.