డాన్యూబ్‌లో నీళ్ళు లేవట

విశ్వేశ్వరరావు గారి నోటి వెంట శుభవార్త విన్నవాళ్ళు కెనడాలోని మా విండ్సర్‌లో ఎవరూ లేరు. మనవడు పుట్టాడని ఫోన్ చేసినప్పుడు కూడా, "తల్లీ బిడ్డా క్షేమంగానే ఉన్నారండీ, ఇప్పటికి" అన్నారు. ఆ "ఇప్పటికి" తగిలించకుండా ఆయన ఒక్క మంచిమాట ముగించగా ముప్ఫై ఏళ్ళలో నేను వినలేదు. ఎవరైనా కొత్త ఇల్లు కొంటే బేస్‌మెంట్‌లోకి నీళ్ళొస్తాయేమో చూసుకోమంటారు. ఎవరికైనా జ్వరం తగ్గితే మళ్ళీ వస్తుందంటారు. ఆయన్ని గృహప్రవేశానికి పిలవాలంటే జనానికి భయం, పిలవకపోతే ఏమంటారోనని ఇంకా భయం.

ఇందులో ఆయన తప్పు సగమే. మిగతా సగం ఉద్యోగానిది. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు. లైను మీద వచ్చే ప్రతి తలుపునీ, ప్రతి సీటునీ చూసి, లోపం ఉన్నదానికి ఎర్ర ట్యాగ్ కట్టడం ఆయన పని. బాగున్నదానికి ఏమీ కట్టక్కర్లేదు. అన్నేళ్ళు లోపాలే చూసి జీతం తీసుకున్న మనిషికి రిటైరైన మర్నాడే లోకం అందంగా కనబడమంటే ఎలా కనబడుతుంది? మిగిలిపోయిన ఎర్ర ట్యాగుల కట్ట ఒకటి ఇంటికి తెచ్చుకున్నారు కూడా. వాళ్ళావిడ కనకదుర్గ గారు ఇడ్లీ వాయి దింపగానే, "మూడోది వంకరగా ఉంది" అంటారు. ఆవిడ ఆ మూడోదే తీసి ఆయన ప్లేట్లో వేస్తారు. కాపురం అలా నడుస్తోంది.

ఇలాంటి మనిషి చేతిలో మా యూరప్ రివర్ క్రూజ్ పడింది.

అది నిజానికి మావారి కోరిక. మావారు రామ్మోహన్ ఇక్కడి యూనివర్సిటీలో ఇరవై తొమ్మిదేళ్ళు వంతెనల గురించి పాఠాలు చెప్పారు. బుడాపెస్ట్ వంతెనల స్లైడులు కొన్ని వందలసార్లు చూపించారు, ఒక్క వంతెననీ కళ్ళారా చూడలేదు. వంతెన మీద నుంచి వెళ్ళేవాడికి రోడ్డు తప్ప ఏమీ కనబడదని, అసలు వంతెన కిందనుంచే కనబడుతుందని ఆయన సిద్ధాంతం. ఓడ డెక్ మీద పడక్కుర్చీలో వెనక్కి వాలి, తల పైనుంచి వంతెన జరిగిపోతుంటే చూడాలట. మొదటిసారి బుక్ చేస్తే కోవిడ్ వచ్చిపడింది. రెండోసారి వేసవి ఎండలకి నదే ఎండిపోయింది, ఓడ కదల్లేదు.

ఆ తర్వాత మావారికి పార్కిన్సన్స్ అని తేలింది. నడక ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేమని, చూడాలనుకున్నవి వాయిదా వేయకుండా చూసేయమని డాక్టరమ్మ చెప్పింది. ఈ సంగతి మా ఇద్దరికీ, వాంకూవర్‌లో ఉన్న మా అమ్మాయికీ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదని మావారి ఆజ్ఞ. రెండొందల మంది పిల్లల ముందు నిలబడి గంటసేపు మాట్లాడిన మనిషి. ఒకళ్ళు జాలిగా చూస్తే తట్టుకోలేరు. నేను సరేనన్నాను. వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడవడం కూడా అప్పుడే నేర్చుకున్నాను.

మూడోసారి పోయిన ఏడాది అక్టోబర్‌కి బుక్ చేశాం. మేమిద్దరం, రావు గారి దంపతులు, డెంటిస్ట్ అనంత్, అతని భార్య రాధిక, మొత్తం ఆరుగురం. గ్రూపు లీడర్‌గా రావు గారిని పెట్టాం, ఎందుకంటే టికెట్ వెనకాల చిన్న అక్షరాలు చదివే ఓపిక ఇంకెవరికీ లేదు. కంపెనీ నుంచి వచ్చే ప్రతి కాగితం ఆయనకే వస్తుంది. తేదీ మార్చుకునే వీలు లేని టికెట్ ఆయన ముట్టుకోరు. కాన్సిల్ కాని ప్రయాణం అంటూ ఉండదని, కాన్సిల్ కావడానికి కొంచెం టైము తీసుకునే ప్రయాణాలు ఉంటాయని ఆయన నమ్మకం.

ఆ రోజు నుంచి మా వాట్సాప్ గ్రూపు బతుకు మారిపోయింది. రాధిక పొద్దున్నే గులాబీపువ్వుతో గుడ్ మార్నింగ్ పెట్టేది. దాని కిందే రావు గారి మెసేజ్ ఉండేది: "ఫెల్లింగ్ దగ్గర 304. తగ్గుతోంది." ఫెల్లింగ్ అనేది జర్మనీలో డాన్యూబ్ ఒడ్డున నీటిమట్టం సెంటీమీటర్లలో కొలిచే చోటు. నది తగ్గితే ఓడ అడుగు నేలకి తగులుతుంది కనక బాధ. సరే, వానలు పడి పెరిగిందనుకోండి, "పెరుగుతోంది. వంతెనల కింద ఓడ పట్టదు" అని వచ్చేది. ఆయన లెక్కలో డాన్యూబ్‌లో సరిపడా నీళ్ళున్న రోజు సృష్టిలో లేదు. రెండు వారాల్లో అందరం ఆ మెసేజ్‌లు చదవడం మానేశాం.

అంతటితో ఆగారా? నీళ్ళు తగ్గితే కంపెనీవాళ్ళు ఏం చేస్తారో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. లోతులేని చోటుకి ముందే మనల్ని దింపేసి, పెట్టెలతో సహా బస్సెక్కించి, అవతల ఆగి ఉన్న ఇంకో ఓడలో అదే నంబరు గదిలో పడేస్తారట. కాబట్టి ఇరవై నిమిషాల్లో పెట్టె సర్దడం ప్రాక్టీస్ చేయాలన్నారు. ఒక ఆదివారం వాళ్ళ బేస్‌మెంట్‌లో చదువుకున్నవాళ్ళం అయిదుగురం పెట్టెలు తెరిచి బట్టలు కుక్కుతుంటే, ఆయన గడియారం పట్టుకుని నిలబడ్డారు. అందరూ పాసయ్యారు, మావారు తప్ప. చెయ్యి వణికి జిప్పు పట్టు దొరకలేదు. నేను లేచి అడ్డం వెళ్ళబోయాను. రావు గారు వచ్చి వంగి చూసి, "జిప్పు నాసిరకం" అని పెట్టెకి ఎర్ర ట్యాగ్ కట్టారు. నిక్షేపంలాంటి కొత్త పెట్టె. అంత గండం గడిచినా, పెట్టెని అన్నందుకు నాకు కోపం వచ్చింది.

సెప్టెంబర్ మొదటి వారంలో మావారు గరాజ్ మెట్ల మీద పడ్డారు. ఎముకలు విరగలేదు, ధైర్యం విరిగింది. మందులు మార్చి, ఆరు నెలలు ఫిజియోథెరపీ చేస్తే నడక కుదురుతుందని, ఇప్పుడు మాత్రం ప్రయాణం కుదరదని డాక్టరమ్మ తేల్చేసింది. రెండు రోజులు మావారు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున కాఫీ దగ్గర నోరు విప్పారు.

"రావు గారికి ఫోన్ చేసి మనం రావట్లేదని చెప్పు. ఏదో పెళ్ళి ఉందను."

"మనం చెబితే వాళ్ళే తేదీ మారుస్తారండీ."

"నా కోసం నలుగురూ మానుకోవడమా? వద్దు. వాళ్ళు వెళ్ళొచ్చి ఫోటోలు చూపిస్తారు, చూస్తాను. ఇంక నేను ఏ ఓడా ఎక్కను, కుమారీ. మళ్ళీ ఆ మాట ఎత్తకు."

ఆయన ఒకసారి అన్నాక అంతే. ఆ పూటంతా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఎవరి పెళ్ళి అని చెప్పాలో తోచలేదు. మధ్యాహ్నం ఫోన్ దానంతటదే మోగింది. రావు గారే.

"డాన్యూబ్‌లో నీళ్ళు లేవండీ. మన ప్రయాణం కాన్సిల్. వచ్చే జూన్‌కి మార్చారు. అప్పుడైనా ఉంటాయని నమ్మకం లేదు."

జీవితంలో మొదటిసారి ఆయన చెడువార్త విని నేను దణ్ణం పెట్టుకున్నాను. మావారికి చెబితే "జూనా" అన్నారు. అంతే. కానీ మర్నాడు ఫిజియోకి బయల్దేరమంటే పేచీ పెట్టలేదు.

అనంత్ మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. పాపం, పిల్లల్ని చూసుకోడానికి అత్తగారిని గుంటూరు నుంచి రప్పించుకున్నాడు. క్రూజ్ పోయింది, అత్తగారు వీసా ఉన్న ఆరు నెలలూ ఉన్నారు. దీపావళి ఫంక్షన్‌లో నలుగురిలో, "అంకుల్, మీ నాలుక మీద మచ్చ ఉంది. మూడు నెలల నుంచి తగ్గుతోంది తగ్గుతోంది అని మీరంటే తగ్గక ఏం చేస్తుంది?" అన్నాడు. నవ్వుతూ అన్న మాట కాదు. రావు గారు తల ఊపి, "నిజమేనయ్యా" అన్నారు. ఆ తర్వాత చాలాకాలం అనంత్ ఆయనతో మాట్లాడలేదు. ఆయన నోటి మహిమ గురించి ఊరంతా చెప్పుకున్నారు, చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ చలికాలం తలుచుకోడానికి కూడా బాగుండదు. వారాల తరబడి సూర్యుడు కనబడలేదు. పొద్దున్నే షాపులు తెరవకముందు మాల్‌లో ముసలివాళ్ళు వరసగా నడుస్తారు చూడండి, ఆ వరసలో మావారూ కర్ర పట్టుకుని చేరారు. అందరికీ మోకాలి నొప్పి అని చెప్పాం. కొలెస్టరాల్ పెరిగిందని రావు గారు కూడా రావడం మొదలుపెట్టారు. మావారికి కుడిపక్కన నడుస్తూ, టైల్స్ జారుడుగా ఉన్నాయని, ఎస్కలేటర్ ఆగిపోయేలా ఉందని, ఈ మాల్ ఏడాదిలో మూతపడుతుందని చెబుతూ ఉండేవారు. నెల తిరిగేసరికి మావారు ఇల్లు చేరగానే ఆయన్ని విసుక్కునేంత ఓపిక తెచ్చుకున్నారు.

జూన్‌లో వెళ్ళాం. బుడాపెస్ట్‌లో ఓడ ఎక్కాం. సాయంత్రం ఎండ ఉండగానే ఓడ కదిలింది. మావారు డెక్ మీద పడక్కుర్చీలో వాలారు. ఆకుపచ్చ ఇనప వంతెన మెల్లగా మా మీదికి వచ్చింది. మావారి కళ్ళు దానికే అతుక్కుపోయాయి. పక్క కుర్చీలోంచి రావు గారు, "రివెట్లు తుప్పు పట్టినట్టున్నాయండీ. ఎన్నాళ్ళో నిలబడదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. నేను ఏదో అనేలోపే మావారు అందుకున్నారు. ఆ జబ్బుకి గొంతు సన్నబడిపోయి, ఇంట్లో నేను ఒక్కో మాట రెండుసార్లు అడిగి చెప్పించుకుంటున్న మనిషి, ఆ వంతెన బరువు ఎటునుంచి ఎటు పోతుందో, ఆఖరి రివెట్ వెండితో ఎందుకు చేశారో పది కుర్చీల అవతలికి వినబడేలా చెప్పారు. గొలుసుల వంతెన రాగానే రావు గారు ఆ గొలుసులు బలహీనంగా ఉన్నాయన్నారు. మళ్ళీ పాఠం మొదలు. రిటైరైన ఎనిమిదేళ్ళ తర్వాత మావారు క్లాసు తీసుకున్నారు.

మర్నాడు టిఫిన్ దగ్గర మా రాష్ట్రంలోనే ఉన్న కిచెనర్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ నర్సు మా బల్ల దగ్గర కూర్చుంది. ఈ ఓడలో రావడం ఇది రెండోసారట. మొదటిసారి పోయిన అక్టోబర్‌లో వచ్చిందట. ఏ తేదీన అని అడిగాను. మేం రావాల్సిన తేదీ చెప్పింది. నది నిండుగా ఉందని, ఒక్క పూట కూడా బస్సెక్కే పని పడలేదని చెప్పింది. నేను కాఫీ వదిలేసి డెక్ మీదికి వెళ్ళాను. రావు గారు రెయిలింగ్ ఎక్కడ వదులైందో ఊపి చూస్తున్నారు.

"రావు గారూ, పోయిన అక్టోబర్‌లో ఫెల్లింగ్ దగ్గర ఎంత?"

"తక్కువేనండీ."

"తక్కువంటే ఎంత?"

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆయన దగ్గర అంకె లేదు. కిచెనర్ ఆవిడ సంగతి చెప్పాను.

"ఆవిడ కొలిచిందా?" అన్నారు.

నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన రెయిలింగ్ వదిలేశారు.

"ఇన్సూరెన్స్ కాగితాల మీద సంతకాలకి మీ ఇంటికి వచ్చానండీ, సెప్టెంబర్‌లో. ప్రొఫెసర్ గారు కుర్చీలోంచి లేవలేదు. నన్ను కారు దాకా దిగబెట్టని రోజు లేదు కదా. గరాజ్ మెట్లకి కొత్త రెయిలింగ్. గుమ్మం దగ్గర కుడికాలి బూటు ముందుభాగం అరిగిపోయి ఉంది. మా నాన్నగారికీ అలాగే మొదలైంది. మీరు రావట్లేదని ఫోన్ చేస్తారని అర్థమైంది. తేదీ నేనే మార్పించి, మీరు చేసేలోపు నేను చేస్తే సరిపోతుందనుకున్నాను."

"మరి ఆ జిప్పు?"

"జిప్పుకేం, బాగానే ఉంది."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, నవ్వూ వచ్చింది. ఆ బేస్‌మెంట్ రోజు నుంచే ఈ మనిషికి అంతా తెలుసు. తెలిసి, ఊరంతా తిడుతుంటే పడ్డారు. ఇప్పుడే వెళ్ళి అనంత్‌తో చెప్పి, అతని చేత కాళ్ళు పట్టిస్తానన్నాను. ఆయన నిజంగానే కంగారుపడ్డారు.

"వద్దండీ. అనంత్‌కి తెలిస్తే రాధికకి తెలుస్తుంది, రేపు టిఫిన్ వేళకి ప్రొఫెసర్ గారికి తెలుస్తుంది. తన వల్ల నలుగురి ప్రయాణం ఆగిందంటే ఆయన వచ్చే రేవులో దిగిపోతారు. నన్నలా ఉండనివ్వండి. నాకు అలవాటే."

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర అనంత్ మంచి హుషారు మీద ఉన్నాడు. "ఏం అంకుల్, రేపు ఓడా, బస్సా?" అన్నాడు. "ఓడేనయ్యా, ఇప్పటికి" అన్నారు రావు గారు. "పోయిన అక్టోబర్‌లో మీరు నోరు కట్టుకుని ఉంటే అప్పుడే వచ్చేసేవాళ్ళం. అవునా, ఆంటీ?" అని అనంత్ నా వైపు తిరిగాడు. మావారూ నా వైపే చూశారు. రావు గారు చెంచా కింద పెట్టారు.

"ఆ నోటికి నదులేం ఖర్మ, సముద్రాలే ఎండిపోతాయి" అన్నాను. "ఈయన పుణ్యమా అని మావారు ఆ వంతెన కోసం ఇంకో ఎనిమిది నెలలు పడిగాపులు పడ్డారు."

బల్లంతా ఘొల్లుమంది. కనకదుర్గ గారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వారు. మావారు నా చెయ్యి తట్టి, "పోనీలే కుమారీ, నీళ్ళు లేకపోతే ఆయనేం చేస్తారు పాపం" అన్నారు. రావు గారు మహా తృప్తిగా చెంచా తీసుకుని, సూప్‌లో ఉప్పు తగ్గిందన్నారు.

ఇంటికొచ్చాక కూడా వారానికి ఒక్కసారైనా నలుగురిలో ఆయన్ని తిట్టాలని నిర్ణయించుకున్నాను. ఆయనకి నేను చేయగలిగిన సాయం అదొక్కటే.