శుక్రవారం ల్యాబ్, శనివారం మ్యాచ్

2023 వసంతం. షికాగోకు దగ్గర్లోని ఒక చిన్న కాలేజీలో నేను అకడమిక్ అడ్వైజర్‌ని. అంటే ఆటలాడే పిల్లల చదువు గాడి తప్పకుండా చూసే మనిషిని. ఆ ఏడు అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టు నా నెత్తిన పడింది. బడ్జెట్ చాలక అసిస్టెంట్ కోచ్ పోస్టు ఖాళీ. శిక్షణ నుంచి హోటల్ బుకింగ్ దాకా అన్నీ హెడ్ కోచ్ డెనిసే చూసుకోవాలి, పాపం! బయటి ఊళ్ళలో శనివారం మ్యాచ్ ఉంటే ఉన్న ఒక్క బస్సు శుక్రవారం మధ్యాహ్నమే కదిలేది.

నిత్య మా క్యాచర్. క్రికెట్లో వికెట్‌కీపర్ లాంటిదనుకోండి. నర్సింగ్ చదవాలని ఆమె కోరిక. దానికి కావలసిన కెమిస్ట్రీ ల్యాబ్ సరిగ్గా శుక్రవారం మధ్యాహ్నమే. అప్పటికే రెండు ల్యాబ్‌లు పోయాయి. ఇంకొకటి పోతే కోర్సు ఫెయిల్. క్రెడిట్లు తగ్గితే ఎలిజిబిలిటీ, అంటే ఆడే అర్హత కూడా పోతుంది.

ల్యాబ్‌ల సంగతి కూతురే చెప్పిందట, వాళ్ళ నాన్న రఘురాం గారు నేపర్‌విల్ నుంచి లాప్‌టాప్ బ్యాగుతో సహా వచ్చి నా ఎదుట కూర్చున్నారు.

"మేడం, మన తెలుగువాళ్ళని అడుగుతున్నా. దాని గ్రేడ్స్ ఒకసారి చూపించండి."

"కుదరదు సార్. ఇక్కడ ప్రైవసీ చట్టం ఉంది. అమ్మాయి ఒప్పుకోకపోతే కన్నతండ్రికైనా చూపించకూడదు."

"ఫీజు కట్టేది నేను, గ్రేడ్స్ చూసేది మీరా? బాగుందండీ! అయితే ఆ సాఫ్ట్‌బాల్ మాన్పించేయండి. ఆ బ్యాట్ రేపు అన్నం పెడుతుందా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అమ్మాయి ఆట ఎప్పుడైనా చూశారా సార్?" అన్నాను. ఆయన చూపు లాప్‌టాప్ బ్యాగు మీదికి మళ్ళింది.

నిత్యను పిలిపించాను. "డాడీ, నేను క్విట్ చేయను. ల్యాబ్ కూడా డ్రాప్ చేయను. నాకు రెండూ కావాలి," అంది. కళ్ళనిండా నీళ్ళు.

అక్కడే డెనిస్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "ల్యాబ్ అయ్యాక విడిగా ఒక వ్యాన్ పంపొచ్చు, కానీ నడిపే మనిషేడీ? వాళ్ళ ఇంటివాళ్ళు తీసుకొస్తే మాత్రం నాకు అభ్యంతరం లేదు," అందామె.

నేను ఆయన వైపు తిరిగాను. "విన్నారుగా. బ్యాట్ అన్నం పెట్టదు, సరే. మీరు డ్రైవ్ చేస్తారా?"

ఆయన కూతురి ముఖం చూశారు. "ఫ్రైడే నాకు వర్క్ ఫ్రమ్ హోమే..." అని గొణిగారు.

ఆ సీజనంతా ల్యాబ్ అయ్యేసరికి ఆయన కారు గేటు దగ్గర సిద్ధం. ఒక మ్యాచ్‌కి నేనూ వెళ్ళాను. చలికి దుప్పటి కప్పుకుని, "పట్టు నిత్యా, పట్టు!" అని ఆయన ఒకటే కేకలు. పక్కనున్న అమెరికన్ తల్లి కూడా "పట్టు, పట్టు" అంటోంది! నవ్వాపుకోలేకపోయాను.

నిత్య కెమిస్ట్రీ గట్టెక్కింది. పూర్వ విద్యార్థులు విరాళాలివ్వడంతో వేసవిలో అసిస్టెంట్ కోచ్ కూడా వచ్చింది. సంతోషంగా రఘురాం గారికి ఫోన్ చేశాను. "వచ్చే సీజన్ ల్యాబ్ అయ్యాక విడిగా వ్యాన్ ఉంటుంది సార్, కొత్త కోచ్ నడుపుతుంది. మీకు శ్రమ తప్పింది."



"శ్రమని ఎవరన్నారండీ? ఇంట్లో హాయ్, బై తప్ప మాటలుండేవి కావు. కార్లో దారంతా నోరు మూయదు మేడం."

తల్లిదండ్రులంటే ఆటకు అడ్డుపడేవాళ్ళని అన్నాళ్ళూ నా గట్టి నమ్మకం. అది ఆ రోజుతో పోయింది. ఇప్పుడు టైమ్‌టేబుల్ ఎక్కడ చిక్కుపడినా, ఏది వదులుకుంటావని పిల్లను అడగను. ఇంటి నుంచి ఎవరు రాగలరో ముందు కనుక్కుంటాను.

నిత్య సంగతంటారా? ఆ వ్యాన్‌లో ఆమె సీటు మరుసటి సీజనంతా ఖాళీగానే వెళ్ళింది.